కొలువు మానుకోనివ్వని ప్రభువు, లైప్‌జిగ్‌కు వెళ్ళలేకపోయిన స్వరకర్త

జర్మన్ రాజాస్థానాల్లో స్వరకర్తలు సుఖంగా బతికేవారా అని మీరు అడిగారు. తిండికీ బట్టకూ లోటుండేది కాదు గాని, కొలువు మానుకొనే స్వేచ్ఛ మాత్రం ఉండేది కాదన్నది నా గట్టి అభిప్రాయం.

ఉద్యోగరీత్యా నేను మూడేళ్ళు జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో ఉన్నాను. ఆ ఊరి ప్రభువుల దగ్గర 1709 నుంచి చనిపోయే దాకా కొలువు చేసిన స్వరకర్త క్రిస్టోఫ్ గ్రౌప్నర్ పేరు అక్కడికి వెళ్ళేదాకా నేను విననేలేదు. పద్నాలుగు వందలకు పైగా చర్చి కాంటాటాలు, అంటే ఆరాధనలో వాద్యాలతో కలిపి పాడే సంగీతరచనలు, రాసిన మనిషి ఆయన. వాటిలో చాలావాటికి సాహిత్యం సమకూర్చినవాడు ఆయన తోడల్లుడే, పాస్టర్ లిఖ్టెన్‌బెర్గ్. హాంబుర్గ్ ఒపెరాలో, అంటే సంగీతనాటకశాలలో, పియానోకు ముందుకాలపు మీటల వాద్యం హార్ప్సికార్డ్ వాయిస్తున్న గ్రౌప్నర్‌ను ఎర్న్‌స్ట్ లుడ్విగ్ ప్రభువు ఒపెరా మోజుతోనే రప్పించుకొన్నాడు. తీరా కొన్నేళ్ళకు ఖజానా చాలక ఒపెరా మూతపడింది, మిగిలింది ఆదివారం ఆరాధనకు కాంటాటాలు రాసే పని.

1722లో లైప్‌జిగ్‌లో సెయింట్ థామస్ పాఠశాల సంగీతాధిపతి కూనావ్ మరణించాడు. గ్రౌప్నర్ చదువుకొన్న బడి అది, కూనావ్ ఆయన గురువు. ఆ పదవికి నగరసభ ముందుగా హాంబుర్గ్‌లో ఉన్న స్వరకర్త టెలిమాన్‌ను పిలిచింది; ఆయన ఆ పిలుపును చూపించి హాంబుర్గ్‌లో జీతం పెంచుకొని అక్కడే ఉండిపోయాడు. తరువాతి పిలుపు గ్రౌప్నర్‌కు వచ్చింది. 1723 జనవరి 17న పరీక్షగా రెండు కాంటాటాలు వినిపించి సభ్యులను మెప్పించాడు. కాని ప్రభువు విడుదల ఇవ్వలేదు; జీతం పెంచి కూర్చోబెట్టాడు. గ్రౌప్నర్ తన బదులు, ఈనాడు ప్రపంచమంతా ఎరిగిన స్వరకర్త బాఖ్‌ను సిఫారసు చేస్తూ నగరసభకు ఉత్తరం రాశాడు. ఆ బాఖే 1717లో వైమార్ ప్రభువు కొలువు మానుకొంటానని పట్టుబట్టినందుకు దాదాపు నాలుగు వారాలు నిర్బంధంలో గడిపినవాడు కావడం నాకు ఎప్పుడూ విడ్డూరంగానే తోస్తుంది.

జీతం పెరిగింది కదా, ఇంకేం కావాలి అని మీరనవచ్చు. హైదరాబాదులో నేను పనిచేసిన ఒక సంస్థ రిలీవింగ్ లెటర్ ఇవ్వకుండా మూడు నెలలు తిప్పిన రోజుల్లో, అంతకన్నా మంచి ఉద్యోగం నా చేతికి వచ్చినట్టే వచ్చి జారిపోయింది. ఆ వెంటనే వాళ్ళు జీతం పెంచితే, ఆ పెంపు నాకు నష్టపరిహారంలాగే కనిపించింది తప్ప గౌరవంలా కనిపించలేదు. అందుకే గ్రౌప్నర్ సంతోషంగానే ఆగిపోయాడని ఎవరైనా అంటే నేను నమ్మను.

ఆయన రాతప్రతులను డార్మ్‌స్టాట్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఉచితంగా అంతర్జాలంలో ఉంచింది. ఒక చలికాలపు రాత్రి, చిన్నప్పుడు నేర్చి మానేసిన వయొలిన్ జ్ఞానంతో, వాటిని తెరిచి కూర్చున్నాను. కొట్టివేతలు అరుదుగా కనిపించే, అచ్చులాంటి దస్తూరి. తన హార్ప్సికార్డ్ రచనలను అచ్చువేసే రాగిరేకులను కూడా ఆయనే చెక్కుకొన్నాడంటే ఆశ్చర్యం కలగలేదు. లైప్‌జిగ్‌లో వినిపించిన రెండింటిలో ఒకటి, అగాధంలోనుంచి మొఱపెట్టుకొంటున్నామనే మాటలతో మొదలవుతుంది. ప్రభువు జవాబు రాకముందే రాసిన మాటలే అయినా, నాకవి రాజీనామా లేఖలాగే వినిపించాయి.

1754లో ఆయన చూపు పోయింది, 1760లో మరణించాడు. రాతప్రతులు తమకు ఇమ్మని వారసులు న్యాయస్థానానికి వెళ్ళారు, ఓడిపోయారు. ఇది చెప్పడం నాకు ఇష్టం లేదు గాని, చెప్పక తప్పదు: బాఖ్ కాగితాలు కొడుకుల మధ్య పంపకాలై చాలా భాగం నశించాయి, గ్రౌప్నర్‌వి మాత్రం ప్రభువులు వదలనందువల్లనే అదే ఊళ్ళో ఇప్పటికీ ఒక్కచోట ఉన్నాయి.