టెక్ సందేహాలు: లాగిన్ స్క్రీన్ మీద పాత షిఫ్టు వాళ్ల పేరు

ప్రశ్న: పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెన్సీలో సిస్టమ్స్ నేనే చూసుకుంటాను. 40 కంప్యూటర్లు, అన్నీ డొమైన్‌లోనే (ఒకే సర్వర్ కింద నడిచే నెట్‌వర్క్) ఉన్నాయి. షిఫ్టు మారగానే వచ్చినవాళ్లు స్క్రీన్ మీద ఎవరి పేరుందో చూడకుండా తమ పాస్‌వర్డ్ కొట్టేస్తున్నారు. ఇంటికెళ్లి పడుకున్నవాళ్ల అకౌంట్ లాక్ అయిపోతోంది. ఆ పేరు కనిపించకుండా గ్రూప్ పాలసీ (సర్వర్ నుంచి అందరికీ ఒకేసారి ఇచ్చే సెట్టింగ్) పెట్టి, స్టాఫ్ యూజర్లున్న ఓయూకి (డొమైన్‌లో యూజర్లనో కంప్యూటర్లనో ఒకచోట పెట్టుకునే ఫోల్డర్ లాంటిది) లింక్ చేశాను. ఏ మార్పూ లేదు. పైగా లాక్ స్క్రీన్ మీద కంపెనీ లోగో పెట్టమంటున్నారు మా మేనేజర్ గారు.
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: పాలసీ సరైనదే, లింక్ చేసిన చోటు సరైంది కాదు. లాగిన్ స్క్రీన్ వచ్చేసరికి ఇంకా ఎవరూ లాగిన్ కాలేదు కదా, విండోస్ ఎవరి యూజర్ పాలసీ చదువుతుంది? 'డోన్ట్ డిస్‌ప్లే లాస్ట్ సైన్డ్-ఇన్' అనేది కంప్యూటర్‌కి సంబంధించిన సెట్టింగ్. కాబట్టి కంప్యూటర్లున్న ఓయూకే లింక్ చేయాలి.

ఇక్కడ చాలామంది ఇంకోచోట ఇరుక్కుంటారు. డొమైన్‌లో కొత్తగా చేర్చిన మెషీన్లు మామూలుగా 'కంప్యూటర్స్' అనే కంటైనర్‌లో పడతాయి. చూడ్డానికి ఓయూలాగే ఉంటుంది గానీ దానికి పాలసీ లింక్ అవ్వదు. మీరే ఓయూ ఒకటి తయారుచేసి మెషీన్లను అందులోకి మార్చండి. 40 ఒకేసారి వద్దు, ముందు రెండు మార్చి రీస్టార్ట్ చేసి చూడండి. తర్వాత పాలసీలో ఏం మార్చినా మెషీన్లకు చేరడానికి 90 నిమిషాల నుంచి రెండు గంటలు పట్టొచ్చు. ఆగలేకపోతే ఆ మెషీన్ కమాండ్ ప్రాంప్ట్‌లో 'జీపీఅప్‌డేట్ /ఫోర్స్' (gpupdate /force) కొట్టండి. అడ్మిన్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో 'జీపీరిజల్ట్ /ఆర్' (gpresult /r) ఇస్తే ఆ మెషీన్‌కి ఏ పాలసీలు పడ్డాయో, ఏవి ఎందుకు పడలేదో తెలుస్తుంది. ఊహలతో కుస్తీ పట్టే ముందు అది చదవండి.

అయితే ఈ సెట్టింగ్ అన్ని మెషీన్లకూ పెట్టమని నేను చెప్పను. పేరు దాచేస్తే ప్రతిసారీ యూజర్‌నేమ్ కూడా టైప్ చేయాలి. రోజూ ఒకే సీటులో కూర్చునే అకౌంట్స్ వాళ్లు మర్నాడే మీ మీద పడతారు. షిఫ్టు మెషీన్లకు విడిగా ఓయూ పెట్టి, దానికే ఇవ్వండి. అదే పాలసీలో 'మెషీన్ ఇన్‌యాక్టివిటీ లిమిట్' కూడా ఉంటుంది. లేచి టీకి వెళ్లినవాళ్ల స్క్రీన్ దానంతటదే లాక్ అవుతుంది. ఒక్కటే జాగ్రత్త: ఆ అంకె సెకన్లలో ఉంటుంది. పది నిమిషాలకు 600 కొట్టాలి. 10 అని కొట్టారో, కస్టమ్స్‌కి ఇచ్చే బిల్ ఆఫ్ ఎంట్రీలో ఒక కాలమ్ సరిచూసేలోపు స్క్రీన్ లాక్, ఆఫీసంతా గోల.

ఇక లోగో సంగతి. లాక్ స్క్రీన్ బొమ్మను పాలసీతో మార్చడం విండోస్ ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలోనే పనిచేస్తుంది. మీవి ప్రో అయితే ఆ పాలసీని పట్టించుకోవు, మేనేజర్ గారికి ఆ మాటే చెప్పండి. ఎంటర్‌ప్రైజ్ అయితే బొమ్మను ప్రతి మెషీన్‌లో సీ డ్రైవ్‌లోకి కాపీ చేసి ఆ దారి (పాత్) పాలసీలో ఇవ్వండి. సర్వర్ షేర్‌లోనే ఉంచాలంటే 'డొమైన్ కంప్యూటర్స్' గ్రూపుకి రీడ్ పర్మిషన్ ఉండాలి. అక్కడా బొమ్మను చదివేది మెషీనే, మనిషి కాదు.

ప్రశ్న: ద్వారకానగర్‌లో మాది చిన్న ఆడిటర్ ఆఫీసండి. ఎనిమిది కంప్యూటర్లు, సర్వర్ లేదు. మేమూ పేర్లు దాచుకోవచ్చా?

జవాబు: దాచుకోవచ్చు, కాకపోతే ఒక్కో మెషీన్ దగ్గరికీ వెళ్లాలి. ప్రో ఎడిషన్ అయితే 'లోకల్ సెక్యూరిటీ పాలసీ'లో ఇదే సెట్టింగ్ ఉంటుంది. హోమ్ ఎడిషన్‌లో ఆ విండోనే ఉండదు. ఇంకో మాట. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యేవాళ్లు పేరు బదులు పూర్తి ఈమెయిల్ టైప్ చేయాలి. అది అందరికీ గుర్తుందో లేదో ముందే అడిగి, ఆ తర్వాత సెట్టింగ్ మార్చండి.