పన్నెండు మంది లెక్క

పర్లాకిమిడి

చిట్టితల్లీ,

బరంపురం నుంచి నువ్వు ఫోన్లో పంపిన వార్త చదివానమ్మా. ఏదో కషాయం తాగితే వందమందికి షుగరు దిగిందట. నమ్మొచ్చా పెదనాన్నా అన్నావు. ముందు నేను సిగ్గుపడే కథొకటి విను.

నాకు ఇరవయ్యో ఏట పచ్చకామెర్లొచ్చాయి. మహేంద్రతనయ ఒడ్డున ఒకాయన పసరు పోస్తాడంటే మా అమ్మ పరగడుపునే తీసుకెళ్ళింది. పుల్ల మజ్జిగలో ఆకు నూరి పోశాడు. ఆ చేదు సాయంత్రం దాకా గొంతులోంచి పోలేదు. మూడు వారాలు చప్పిడి కూడు తిన్నాక కళ్ళు తెల్లబడ్డాయి. ఇక ఆయన నాకు దేవుడే. తర్వాత ల్యాబులో ఉద్యోగం చేస్తూ కూడా, నోటుబుక్కులో పేర్లు రాసుకుని మరీ పద్నాలుగు మందిని పంపాను. పదమూడు మందికి నయం! గర్వంగా డాక్టరుగారికి చూపిస్తే ఆయన ఒక్కటే అడిగారు: "పసరు తాగనివాళ్ళలో ఎంతమందికి తగ్గిందో రాశావా?"

రాయలేదు. నీళ్ళ వల్ల వచ్చే హెపటైటిస్-ఎ రకం కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే పోతాయి. పసరు పోసినా పోతాయి, పోయకపోయినా పోతాయి. పద్నాలుగో ఆయనది అది కాదు, పిత్తనాళంలో రాయి అడ్డుపడింది. పసరుతో నెల గడిపాక ఆస్పత్రికి చేరాడు. ఆ పేజీ ఇప్పటికీ తిప్పలేను.

వంద అన్న అంకె చూసి తబ్బిబ్బు పడకు. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు స్కర్వీ (సి విటమిన్ లేక చిగుళ్ళు చెడే జబ్బు) పట్టిన పన్నెండు మందినే తీసుకున్నాడు. అందరికీ ఒకే తిండి, ఒకే చోట పడక. ఇద్దరేసి చొప్పున ఆరు జతలు చేసి, ఒక జతకు వెనిగరు, ఒక జతకు సముద్రపు నీళ్ళు, ఇలా ఇచ్చాడు. నారింజ, నిమ్మ తిన్న జతే తొందరగా కోలుకుంది. 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా) టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన పరిశోధన పేపర్లోనూ పిల్లలు పన్నెండు మందే. పోల్చి చూడ్డానికి రెండో గుంపే లేదు అందులో. 2002లో డెన్మార్క్‌వాళ్ళు 5,37,303 మంది పిల్లల్ని, టీకా వేయించుకున్నవాళ్ళనీ వేయించుకోనివాళ్ళనీ, పక్కపక్కన పెట్టి చూస్తే టీకా వల్ల ఆటిజం పెరిగినట్టు కనబడలేదు. 2010లో లాన్సెట్ ఆ పేపర్ని వెనక్కి తీసుకుంది.

ఇక నీ కషాయం. ఆ వందమంది మాత్రలు మానేశారా, వేసుకుంటూనే తాగారా? మొదలుపెట్టిందెందరు, మధ్యలో మానేసినవాళ్ళు ఎటుపోయారు? చూసింది పరగడుపు షుగరా, హెచ్‌బీఏ1సీనా? రెండోది రెండు మూడు నెలల సగటు, ఒక్కరోజు పస్తుకు లొంగదు. అమ్మేవాడే లెక్క రాశాడా అన్నది ఆఖర్న అడుగు. అమ్మేవాడైనా లెక్క సరిగ్గానే రాసి ఉండొచ్చు.

మీ పెద్దమ్మకి ఇదంతా చదివి వినిపించాను. "ఇంతకీ మీకు తగ్గిందా లేదా?" అంటోంది.

పెదనాన్న