ఎండబెట్టిన ఒట్టి తునకల్లో బ్యాక్టీరియా చచ్చిపోతుందా?

చావదు, పెరగడం ఆగుతుందంతే. ఉప్పు, పసుపు పట్టించి దండెం మీద ఆరేస్తే మాంసంలో నీరు పోతుంది. నీరు లేనిదే బ్యాక్టీరియా పెరగలేదు. కానీ సాల్మొనెల్లా లాంటివి ఆ పొడి ముక్కలోనే నెలల తరబడి బతికుంటాయి, తడి తగిలితే మళ్లీ లేస్తాయి.

మిర్యాలగూడలో ఏప్రిల్‌లో ఎండబెట్టిన తునక వేలు మందం ఉందనుకోండి. పైకి కట్టెలా ఉంటుంది, విరిచి చూస్తే విరగకుండా వంగుతుంది. అంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. దాన్ని డబ్బాలో పెట్టి మూత బిగిస్తే వానాకాలానికల్లా బూజు పడుతుంది. సన్నగా కోయడంలోనే ఉంది అసలు పనితనం.

"మా నల్లగొండ ఎండకు ఏ క్రిమీ బతకదు" అని చాలామంది అనుకుంటారు. మే నెల 44 డిగ్రీలు మనకు నరకం గానీ వాటికి కాదు. అవి చావాలంటే ముక్క లోపలి దాకా 74 డిగ్రీల వేడి తగలాలి, అది పొయ్యి మీదే సాధ్యం. అయితే స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా అప్పటికే విషం వదిలి ఉంటే ఉడికించినా ఆ విషం పోదు. జిగురు పట్టిన తునకను కుక్కర్ కూడా బాగుచేయలేదు, పారేయడమే.