రిసెప్టర్ వయల్ మూత తీసే ముందు

బ్రాడీపేట, గుంటూరు

అమ్మలూ,

రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్రపట్టలేదు. విజయవాడలో ల్యాబ్‌లో చేరి నాలుగు నెలలు తిరక్కుండానే మీ సారు టీఎన్ఎఫ్ రిసెప్టర్ పనంతా నీకు అప్పజెప్పారంటే ఎంత సంతోషమో! వచ్చే వారం ఆ రిసెప్టర్ 50 మైక్రోగ్రాములున్న వయల్, అదే చిన్న సీసా, వస్తుందనీ, రీకాంబినెంట్ ప్రొటీన్ ఇంతవరకు ముట్టుకోలేదనీ, చేయి వణుకుతుందేమోననీ అన్నావు. 30 ఏళ్లు ఆ పనే చేసి వచ్చినదాన్ని. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావని ఇలా రాస్తున్నా. బల్ల సొరుగులో పెట్టుకో.

ముందు నీ చేతికి వచ్చేది ఏమిటో తెలుసుకో. టీఎన్ఎఫ్ అనేది ఒక కణం ఇంకో కణానికి పంపే కబురు, వాపు రగిలించమని. ఆ కబురు అందుకునేది కణం పొర మీద ఉండే రిసెప్టర్. మన పాత ఇంటి గేటుకు ఉత్తరాల డబ్బా ఉండేది కదా, దాన్ని ఊడదీసి వీధి మొగలో పెట్టామనుకో. పోస్ట్‌మాన్ ఉత్తరం అందులో వేసి వెళ్లిపోతాడు, ఇంట్లోవాళ్లకు చేరదు. నీ వయల్లో ఉండేది అలా ఊడదీసిన డబ్బాయే. పొరలో దిగిన భాగం, లోపలి భాగం వదిలేసి, బయటికి ఉండే భాగం జన్యువును మాత్రం వేరే కణాల్లో పెట్టి చేయిస్తారు, రీకాంబినెంట్ అంటే అదే. మన ఒళ్లు కూడా ఈ పని చేస్తుంది. ఆడమ్17 అనే ఎంజైమ్ రిసెప్టర్‌ను కణం మీద నుంచి కత్తిరించి రక్తంలోకి వదులుతుంది. 1980ల చివర్లో మనుషుల మూత్రం నుంచి టీఎన్ఎఫ్‌ను పట్టుకునే ప్రొటీన్లను వేరు చేశారు. 1990లో రిసెప్టర్ జన్యువులు చేజిక్కాక అవి ఈ ముక్కలేనని తేలింది.

నేనెందుకు ఇంత ఇదిగా చెబుతున్నానంటే, మీ అమ్మమ్మ చేతులు నీకు గుర్తుండవు. పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకుపోయి ఉండేవి. వేణ్ణీళ్ల చెంబులో చేతులు పెట్టుకుని అరగంట కూర్చుంటే గాని జాకెట్టు హుక్కు పెట్టుకోలేకపోయేది. రుమటాయిడ్ ఆర్థరైటిస్, ఒక రకం కీళ్లవాతం. వారానికోసారి మెథోట్రెక్సేట్ మాత్ర నేనే లెక్కపెట్టి ఇచ్చేదాన్ని. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనశాలకు సారథిగా ఉన్న రోజుల్లో వచ్చిన మందు అది. 1998లో అమెరికాలో ఈ జబ్బుకు ఎటానెర్సెప్ట్ అనే కొత్త మందుకు అనుమతి వచ్చిందని చదివిన రోజు నేను ల్యాబ్‌లోనే కళ్లు తుడుచుకున్నాను. అది టీఎన్ఎఫ్ రిసెప్టర్ 2 బయటి భాగానికి మన యాంటీబాడీ తోకను అతికించి చేసినది, మొత్తం 934 అమైనో ఆమ్లాలు. అప్పటికే అమ్మ వేళ్లు వంకర తిరిగిపోయాయి. కాబట్టి ఆ చిన్న సీసాను నువ్వు తేలిగ్గా పట్టుకోకూడదని నా ఆశ.

ఇక పని సంగతి. పార్సిల్ శనివారం మధ్యాహ్నం రాకుండా చూసుకో. బెజవాడ ఎండలో కొరియర్ ఆఫీసులో ఆదివారమంతా పడి ఉంటే నీకూ మనశ్శాంతి ఉండదు. పొడిగా ఎండబెట్టిన ప్రొటీన్ అయితే దారిలో ఐస్ కరిగినా సాధారణంగా కొంప మునగదు. ఐస్ కరిగి వచ్చిందన్న మాట మాత్రం నోట్‌బుక్‌లో రాసి, అమ్మినవాళ్లకు ఆ రోజే తెలియజెయ్యి. నీళ్లలో కలిపి పంపినది అయితే ఆ ఓర్పు ఉండదు, అది చలిలోనే రావాలి.

వయల్ చేతికి రాగానే మూత తీయకు. గది వేడికి వచ్చేదాకా ఆగు, లేకపోతే గాలిలో చెమ్మ లోపలికి దిగుతుంది. తర్వాత మైక్రోసెంట్రిఫ్యూజ్‌లో అర నిమిషం తిప్పు. 50 మైక్రోగ్రాములంటే కంటికి ఆనే సరుకు కాదు. సీసా ఖాళీగా కనిపించవచ్చు, లేదా అడుగున సన్నని తెల్లటి పొర కనిపించవచ్చు, ప్రయాణంలో అది మూతకు అంటుకుని ఉండవచ్చు కూడా. తిప్పకుండా తీశావంటే గ్లవ్‌కు పోతుంది. తర్వాత శుద్ధమైన పీబీఎస్, అదే ఉప్పు బఫర్ ద్రావణం, 500 మైక్రోలీటర్లు గోడ వెంబడి నెమ్మదిగా జార్చు. మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములు వస్తుంది. వచ్చిన కాగితం మీద ఇంకో లెక్క ఉంటే ఆ కాగితం మాటే విను. ట్యూబును గిర్రున కుదిపే వోర్టెక్స్ మీద పెట్టకు తల్లీ. కవ్వం వేసి మజ్జిగ చిలికినట్టు చిలికితే నురగ లేస్తుంది, ఆ నురగలోనే ప్రొటీన్ విప్పుకుపోతుంది. ఇరవై నిమిషాలు బల్ల మీద ఉంచి మధ్యమధ్య వేళ్లతో మెల్లగా వాల్చు, చాలు.

ఆ తర్వాత నువ్వు ఎప్పుడూ మరిచిపోకూడనిది ఒకటుంది. మన ఇంట్లో ఆవకాయ పెద్ద జాడీ అటక మీద ఉంటుంది, వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకుంటాం, రోజూ జాడీ మూత తీయం. ప్రొటీన్‌కూ అదే పద్ధతి. గోడలకు ప్రొటీన్ అంటని రకం చిన్న ట్యూబుల్లో 25 మైక్రోలీటర్ల చొప్పున పంచి ఫ్రీజర్‌లో పెట్టు. లెక్కకు 20 రావాలి, చేతికి 19 వస్తాయి, కంగారుపడకు. ప్రతి ట్యూబులో రెండున్నర మైక్రోగ్రాములు. ఒకసారి కరిగించింది మళ్లీ గడ్డకట్టించకు. మిగిలింది కదా అని ప్రాణం ఉసూరుమంటుంది, నాకూ అనేది, అయినా పారెయ్యి. పేరు, లాట్ నంబరు (ఏ విడతలో తయారైందో చెప్పే అంకె), గాఢత, తేదీ, నీ పొడి అక్షరాలు ఆల్కహాల్‌కు చెరగని పెన్నుతో రాయి. ఫ్రీజర్‌ను నమ్మి అన్నీ ఒకేచోట పెట్టకు, సగం ఇక్కడ సగం పక్క ల్యాబ్‌లో ఉంచు. మంచు పట్టని రకం ఫ్రిజ్ ఫ్రీజర్ అసలు వద్దు, మంచు కరిగించుకోవడానికి అది తనంతట తానే వేడెక్కుతూ ఉంటుంది. వేసవిలో కరెంటు పోయినప్పుడు ఎలా ఉందో చూద్దామని తలుపు తీయకు.

ప్రొటీన్ మరీ పలచగా ఉంటే ట్యూబు గోడలకే అంటుకుపోతుంది. అందుకని 0.1 శాతం బీఎస్ఏ, అంటే ఆవు రక్తం నుంచి తీసిన ఆల్బుమిన్ ప్రొటీన్, కలపమంటారు. మంచిదే. నువ్వు రిసెప్టర్‌కు గుర్తుగా బయోటిన్ తగిలించాలన్నా, ప్రొటీన్‌ను కొలిచే ఎలైసా ప్లేటుకు పూయాలన్నా మాత్రం బీఎస్ఏ అడ్డం వస్తుంది, ఆ పనికి అది కలవని రకం తెప్పించుకోవాలి. మీ సారు ఏ పనికి తెప్పిస్తున్నారో ఈ రోజే అడుగు.

అడిగేటప్పుడే ఇంకొన్ని అడిగెయ్యి. రిసెప్టర్ 1ఆ, 2ఆ? ఏ కణాల్లో చేశారు? దానికి అతికించిన తోక ఏమిటి? ఆరు హిస్టిడిన్ల తోక అయితే చిన్నది, పెద్దగా చికాకు పెట్టదు. ఎఫ్‌సీ, అంటే ఇందాక చెప్పిన యాంటీబాడీ తోక, అయితే రెండు రిసెప్టర్లు జంటగా ఉంటాయి. టీఎన్ఎఫ్ మూడు ముక్కల గుత్తి కాబట్టి జంట దాన్ని ఒంటరిదానికన్నా చాలా రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. ఈ రెండింటినీ పోల్చాల్సి వస్తే నానోగ్రాముల్లో పోల్చకు, మోలార్ లెక్క, అంటే అణువుల సంఖ్య లెక్క, వెయ్యి. పైగా మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాల మీద ఎఫ్‌సీని పట్టుకునే రిసెప్టర్లు వేరే ఉన్నాయి. కాబట్టి వట్టి ఎఫ్‌సీ ప్రొటీన్ వేసిన బావులు, అదే చిన్న గుంటలు, కూడా ప్లేటులో ఉండాల్సిందే.

ఇప్పుడు నన్ను ఎక్కువ బాధపెట్టిన విషయం. ఉద్యోగం మొదట్లో ఒక ల్యాబ్‌లో ఈ.కోలై బ్యాక్టీరియాలో చేసిన రిసెప్టర్‌ను మనిషి రక్తంలోని మోనోసైట్లనే తెల్ల కణాల మీద వేశాం. అది టీఎన్ఎఫ్‌ను ఆపాలి కదా. మాకు కణాలే టీఎన్ఎఫ్ కుమ్మరించడం కనిపించింది. కొత్త సంగతి కనిపెట్టామని పొంగిపోయాం. మూడు నెలలు అదే పని, గ్రాఫులు, పోస్టరు. ఒకరోజు బయటి నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు బోర్డు ముందు నిలబడి, "అమ్మా, పాలిమిక్సిన్ వేసి చూశావా?" అని ఒక్క ప్రశ్న అడిగారు. వేసి చూస్తే అంతా పోయింది. కణాలను రెచ్చగొట్టింది రిసెప్టర్ కాదు, దానితో కలిసొచ్చిన బ్యాక్టీరియా గోడ ముక్క, ఎండోటాక్సిన్. పాలిమిక్సిన్ దాన్ని పట్టి కట్టేస్తుంది. నేను ఆ రాత్రి హాస్టల్లో అన్నం తినలేదు.

అందుకే నీకు చెబుతున్నా, వయల్‌తో వచ్చే సర్టిఫికెట్‌లో ఎండోటాక్సిన్ అంకె ముందు చూడు. మైక్రోగ్రాముకు 1 యూనిట్ కన్నా తక్కువ అని రాస్తే బాగానే ఉందనిపిస్తుంది. 1 యూనిట్ అంటే సుమారు 100 పికోగ్రాములు. మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము ప్రొటీన్ వేశావంటే దానితోపాటు అంత ఎండోటాక్సిన్ పోయవచ్చు, మోనోసైట్లకు అది చాలు. మైక్రోగ్రాముకు 0.1 కన్నా తక్కువున్నది అడుగు. హెచ్ఈకే293 లాంటి మనిషి కణాల్లో చేసిందైతే బెడద తక్కువ. కాని నీ నీళ్లు, నీ పీబీఎస్ నుంచి కూడా వస్తుంది. ఆటోక్లేవ్ చేశాం కదా అనుకోకు, 121 డిగ్రీల ఆవిరి బ్యాక్టీరియాను చంపుతుంది గాని ఎండోటాక్సిన్‌ను నమ్మకంగా పోగొట్టదు. గాజు సామాను 250 డిగ్రీల పొడి వేడిలో అరగంట ఉండాలి.

ప్రతి ప్రయోగంలోనూ మరిగించిన రిసెప్టర్ ఒక వరుస, పాలిమిక్సిన్ బి ఒక వరుస పెట్టు. మరిగిస్తే ప్రొటీన్ పాడవుతుంది, ఎండోటాక్సిన్ పాడవదు. అయితే ఈ రిసెప్టర్ మొండిది. సిస్టీన్లతో నిండిన నాలుగు మడతలు, వాటి మధ్య గంధకపు ముడులు. మరిగించాక నిజంగా పనికిరాకుండా పోయిందో లేదో ముందు పరీక్షించి ఆ తర్వాతే ఆ వరుసను నమ్ము. ఆ ముడులు విప్పే డీటీటీ, మెర్కాప్టోఇథనాల్ అనే రసాయనాలను, ప్రొటీన్ పరిమాణం చూసే జెల్ పనికి తప్ప దాని దరిదాపులకు రానివ్వకు.

పరీక్షకు ఎల్929 ఎలుక కణాలు ఉన్నాయి. యాక్టినోమైసిన్ డి కలిపి టీఎన్ఎఫ్ వేస్తే తెల్లారేసరికి చస్తాయి, పనిచేసే రిసెప్టర్ ఉంటే బతుకుతాయి. క్రిస్టల్ వయొలెట్ రంగు వేశాక బతికిన బావులు ముదురు ఊదాగా, చచ్చినవి పాలిపోయి కనిపిస్తాయి. మొదటిసారి ఆ ప్లేటును కిటికీ వెలుగులో పట్టుకుని చూసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. యాక్టినోమైసిన్ విషం, గ్లవ్స్ లేకుండా ముట్టుకోకు. కొత్త లాట్ వచ్చిన ప్రతిసారీ ఈ పరీక్ష చెయ్యి, ఒక ప్రయోగం మధ్యలో లాట్ మార్చకు. జెల్ మీద బ్యాండు లెక్కకన్నా పైన, వెడల్పుగా కనిపిస్తే బెదరకు. మనిషి కణాల్లో చేసినదానికి చక్కెర గొలుసులు ఉంటాయి, వాటివల్ల అలా కనిపిస్తుంది.

మీ ల్యాబ్ అటెండర్ వాళ్లమ్మకు కీళ్లవాతమనీ, ఈ మందు మీ దగ్గరే ఉందట కదా అని అడిగాడనీ అన్నావు. ఆయనకు మెత్తగా, స్పష్టంగా చెప్పు. ఈ సీసా ప్రయోగాలకు మాత్రమే, మనిషికి ఎక్కించేది కాదు. అసలు మందుకైనా ముందు క్షయ పరీక్ష చేయాలి, ఒంట్లో నిద్రపోతున్న క్షయను కట్టడి చేసేది టీఎన్ఎఫే కాబట్టి. ఆమెను రుమటాలజిస్టుకు చూపించమను, ఆలస్యం చేయొద్దని గట్టిగా చెప్పు. అమ్మ విషయంలో మేం ఆలస్యం చేశాం.

వయల్ రాగానే లాట్ నంబరు, ఎండోటాక్సిన్ అంకె ఫోన్‌లో చదివి వినిపించు. వచ్చే ఆదివారం రైలెక్కి వచ్చెయ్యి, నోట్‌బుక్ తెచ్చుకో. మొదటి ప్లేటులో ఏ బావిలో ఏం వెయ్యాలో ఇద్దరం కూర్చుని గీద్దాం. గోంగూర పచ్చడి చేసి ఉంచుతాను.

నీ పెద్దమ్మ