షాపు పేరును రిజిస్టర్ చేయడం ఎలా?

హన్మకొండలో సకినాలు, గరిజెలు అమ్ముతున్నామని, జీఎస్టీలో షాపు పేరు పెట్టాం కాబట్టి ఇక ఎవరూ వాడుకోలేరు కదా అని ఒకరు అడిగారు. వాడుకోగలరు. జీఎస్టీ ఉన్నది పన్ను కోసం, కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్స్ ఉన్నది షాపు నడపడం కోసం. పేరు మీద హక్కు కావాలంటే 1999 నాటి చట్టం కింద ట్రేడ్‌మార్క్ తీసుకోవాలి.

ముందు ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో అదే పేరు, దగ్గరగా వినిపించే పేర్లు కూడా వెతకండి. ఇది ఉచితం. ‘వరంగల్ సకినాలు’ లాంటి పేరైతే చిక్కే: ఊరి పేరు, సరుకు పేరు తప్ప అందులో మీదంటూ ఏముంది? ఇంటి పేరో, ఏదైనా కొత్త మాటో కలపండి.

దరఖాస్తు టీఎం-ఏ ఫారం. తెలంగాణ చెన్నై ఆఫీసు కిందికి వస్తుంది, కానీ అంతా ఆన్‌లైనే. ఒక్కో క్లాసుకు (అంటే సరుకుల రకానికి) వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఫీజు 4,500 రూపాయలు. సంస్థ పేరు మీదైతే చిన్న సంస్థ అని చూపే ఉద్యమ్ సర్టిఫికెట్ పెట్టండి, లేకపోతే 9,000. సకినాలు 30వ క్లాసు, పచ్చళ్లు 29. రెండూ అమ్మితే రెండు ఫీజులు.

మీ దరఖాస్తు ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో వచ్చాక 4 నెలల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. రిజిస్టరైతే 10 ఏళ్లు, తర్వాత రెన్యువల్. రిజిస్టర్ అయ్యేదాకా బోర్డు మీద ‘టీఎం’ రాయించండి. పెయింటర్ అలవాటుగా సున్నాలో ‘ఆర్’ వేస్తానంటే ఆపండి, రిజిస్టర్ కాకముందు అది నేరం.