పాత బండి ఎందుకు ఆగిందో ఆగిన చోటే తెలుస్తుంది

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: ద్విచక్ర వాహనాలు

ప్రశ్న: అయ్యా, నా దగ్గర 2003లో కొన్న హీరో హోండా స్ప్లెండర్ ఉంది. ఇప్పటికి 78,000 కిలోమీటర్లు తిరిగింది. మధిర నుంచి 14 కిలోమీటర్ల దూరంలో ఉన్న పాఠశాలకు రోజూ దాని మీదే వెళ్లి వస్తాను. నాలుగు నెలలుగా ఐదారు కిలోమీటర్లు పోగానే బండి ఊపిరాడనట్టు రెండు మూడుసార్లు గుంజి ఆగిపోతోంది. పది నిమిషాలు చెట్టు కింద నిలబెడితే మళ్లీ ఒక్క కిక్కుకే స్టార్ట్ అవుతుంది. ట్యాంకు నింపించిన రోజుల్లో ఈ బాధ ఎక్కువ. ఇది కాక, ఇంజన్ వేడెక్కాక రైలు గేటు దగ్గర ఆపితే ఐడిలింగ్ నిలవక, రేసు ఇస్తూ కూర్చోవలసి వస్తోంది. మెకానిక్ మొదట ప్లగ్, తర్వాత కాయిల్, ఆ తర్వాత సీడీఐ (నిప్పురవ్వ పడే సమయాన్ని చూసే ఎలక్ట్రానిక్ పెట్టె) మార్చారు. ఇప్పుడు ఇంజన్ విప్పి బోరు చేయించాలంటున్నారు. చేయించమంటారా? (ఒక ఉపాధ్యాయుడు, మధిర)

జవాబు: ఇప్పుడే చేయించకండి. ఆగిన బండి పది నిమిషాల తర్వాత ఒక్క కిక్కుకే అందుకుంటోందని మీరే రాశారు. బోరు (పిస్టన్ ఆడే గొట్టం) అరిగిపోయిన ఇంజన్ వేడి మీద అంత సులభంగా స్టార్ట్ కాదు. పైగా సైలెన్సర్ నుంచి నీలిరంగు పొగ వస్తుంది, ఇంజన్ ఆయిల్ తరిగిపోతూ ఉంటుంది. ఈ రెండింటిలో ఏదీ మీ ఉత్తరంలో కనబడలేదు.

మీ బండికి ఉన్నది ఒక జబ్బు కాదు, రెండు. దారిలో ఆగిపోవడం ఒకటి, గేటు దగ్గర ఐడిలింగ్ నిలవకపోవడం ఇంకొకటి. రెండింటికీ కలిపి ఒకే మందు వెతకడం వల్లనే మూడు సామాన్లు మారినా బాధ తీరలేదని నా అనుమానం.

మొదటిదాని సంగతి చూద్దాం. ఇంజన్ తిరగాలంటే పెట్రోలు, కరెంటు (ప్లగ్ దగ్గరి నిప్పురవ్వ), కంప్రెషన్ (లోపలి గాలి బిగుతుగా నొక్కుకోవడం) మూడూ ఉండాలి. బండి ఆగిన క్షణాన వీటిలో ఏది లేకుండా పోయిందన్నదే అసలు ప్రశ్న. ఆగే తీరును బట్టే సగం తెలిసిపోతుంది. కరెంటు పోతే స్విచ్చి కట్టేసినట్టు ఒక్కసారిగా ఆగుతుంది. పెట్రోలు అందకపోతే మీరు చెప్పినట్టే గుంజి, వెనకాడి, కాస్త అందుకున్నట్టే అందుకుని ఆగుతుంది. మీ మెకానిక్ కాయిల్‌ను (ప్లగ్‌కు కరెంటు పంపే తీగచుట్ట) అనుమానించడంలో తప్పు లేదు, ఎందుకంటే లోపల తీగ దెబ్బతిన్న కాయిల్ కూడా వేడెక్కితే పనిమాని, చల్లారాక మళ్లీ పనిచేస్తుంది. పది నిమిషాల విరామం రెండు జబ్బుల్లోనూ ఒకేలా కనిపిస్తుంది. అయితే ట్యాంకు నిండుగా ఉన్న రోజుల్లోనే ఎక్కువగా ఆగుతోందన్న మీ మాట కాయిల్‌కు పొసగదు. ట్యాంకులో పెట్రోలు ఎంత ఉందో కాయిల్‌కు తెలియదు కదా!

ఆ మాటను బట్టి నాకు తోచిన కారణం ట్యాంకు మూత. ఈ బండిలో పెట్రోలు పంపు లేదు. ట్యాంకు ఎత్తులో ఉండడం వల్ల పెట్రోలు దానంతట అదే కార్బురేటర్‌లోకి (పెట్రోలును గాలితో కలిపే భాగం) దిగుతుంది. దిగిన పెట్రోలు స్థానంలోకి గాలి రావడానికి మూతలో సన్నని రంధ్రం ఉంటుంది. అది దుమ్ముతోనో తుప్పుతోనో పూడుకుపోతే ట్యాంకులో గాలి పలచబడి, పెట్రోలు దిగడం తగ్గి, చివరకు ఆగిపోతుంది. నూనె డబ్బాకు ఒక మూలనే రంధ్రం పొడిస్తే ధార ఎలా తడబడుతుందో ఇదీ అంతే. ట్యాంకు నిండుగా ఉంటే పైన గాలికి చోటు తక్కువ కాబట్టి ఆ పరిస్థితి త్వరగా వస్తుంది. బండి ఆగాక పది నిమిషాల్లో గాలి మెల్లగా లోపలికి చేరుకుంటుంది, ఫ్లోట్ చాంబర్ (కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నె) నిండుతుంది, బండి ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది.

దీన్ని తేల్చుకోవడానికి షెడ్డుకు వెళ్లనక్కరలేదు, అసలు అక్కడికి చేరేసరికి రుజువు మాయమైపోతుంది. ఈసారి బండి ఆగగానే, చెట్టు నీడ వెతుక్కోకుండా, వెంటనే ట్యాంకు మూత తెరవండి. లోపలికి గాలి పీల్చిన చప్పుడు వినిపించి, అర నిమిషం ఆగి కిక్ కొడితే బండి అందుకుందంటే దొంగ దొరికినట్టే. మూతను విప్పి, రంధ్రాన్ని గాలి కొట్టించి శుభ్రం చేయించండి, లేదా కొత్త మూత వేయించండి. ట్యాంకుకు రెక్సిన్ కవరు తొడిగించి ఉంటే దాన్ని కూడా ఒకసారి తీసి చూడండి. మూత మీదికి బిగుతుగా కుట్టిన కవరు ఆ రంధ్రాన్ని మూసేసిన బండ్లు నా చేతికి వచ్చాయి.

మూత తెరిచినా ఫలితం లేకపోతే, ఇంజన్ కాస్త చల్లారనిచ్చి, కార్బురేటర్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూను కొద్దిగా వదులు చేసి, కింద ఒక గాజు సీసా పట్టండి. పెట్రోలు ధార కట్టి, ఆగకుండా కొన్ని సెకన్లపాటు వస్తే సరఫరా బాగానే ఉన్నట్టు. నాలుగు చుక్కలు కారి సన్నగిల్లితే పెట్రోలు కాక్ (ట్యాంకు కింది కుళాయి) లోపలి జాలీలోనో పైపులోనో తుప్పు పొడి చేరి ఉంటుంది. ఇరవై ఏళ్లు దాటిన ఇనుప ట్యాంకులో అది ఉండకపోతేనే ఆశ్చర్యపడాలి. ధార సరిగానే ఉంటే, స్క్రూ బిగించి, కారిన పెట్రోలు తుడిచి, బండిని అక్కడి నుంచి నాలుగడుగులు జరిపాక కరెంటు చూడండి. ప్లగ్ విప్పి క్యాప్‌కు తగిలించి, దాని మరల భాగాన్ని ఇంజన్ లోహానికి గట్టిగా ఆనించి కిక్ కొడితే నీలిరంగులో చిటపటమనే నిప్పురవ్వ రావాలి. ఎర్రగా, నీరసంగా వచ్చినా, అసలు రాకపోయినా అప్పుడు కాయిల్‌ను, ప్లగ్ క్యాప్‌ను, మాగ్నెట్ దగ్గరి పల్సర్ కాయిల్‌ను (సీడీఐకి సమయం చెప్పే తీగచుట్ట) అనుమానించవచ్చు. ప్లగ్‌ను ఇంజన్‌కు ఆనించకుండా గాలిలో ఉంచి మాత్రం కిక్ కొట్టకండి, సీడీఐ పాడయ్యే ప్రమాదం ఉంది.

ఇక గేటు దగ్గరి బాధ. ఇంజన్ వేడిగా ఉండి ఐడిలింగ్ తడబడుతున్నప్పుడు చోక్‌ను సగం వేసి చూడండి. వెంటనే నిలకడ వస్తే ఇంజన్‌కు గాలి ఎక్కువై, పెట్రోలు తక్కువవుతోందన్న మాట. కారణం స్లో జెట్ (ఐడిలింగ్‌కు పెట్రోలు వదిలే సన్నని ఇత్తడి రంధ్రం) పూడుకుపోవడమైనా కావాలి, కార్బురేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య అతుకు దగ్గర గాలి చొరబడడమైనా కావాలి. ఆ అతుకు చుట్టూ కుంచెతో సబ్బు నీళ్లు పూస్తే, గాలి పీలుస్తున్న చోట ఇంజన్ శబ్దం మారుతుంది. అక్కడి ఓ రింగు మార్చడం స్వల్ప ఖర్చుతో అయ్యే పని. స్లో జెట్‌ను గాలి కొట్టి శుభ్రం చేయాలి తప్ప ఇనుప తీగతో పొడవకూడదు. ఇత్తడి రంధ్రం ఒక్క గీత వెడల్పయినా మళ్లీ ట్యూనింగ్ కుదరదు.

చోక్ వేస్తే ఇంకా అధ్వానమైతే జెట్ల జోలికి పోకుండా టాపెట్లు (ఇంజన్ వాల్వులను నొక్కి తెరిచే మీటల చివరలు) చూపించండి. వాల్వు తన పీటలోకి కొంచెం కొంచెంగా దిగిపోతూ ఉండడం వల్ల టాపెట్ల సందు ఏళ్ల మీద తగ్గుతూ వస్తుంది. వేడికి వాల్వు సాగినప్పుడు ఆ సందు పూర్తిగా మాయమై, వాల్వు మూసుకోక, కంప్రెషన్ జారిపోతుంది. చప్పుడు చేసే టాపెట్లను అందరూ పట్టించుకుంటారు గానీ, అసలు చప్పుడే చేయనివి ఎక్కువ ప్రమాదకరమని నా అభిప్రాయం. ఈ ఇంజన్‌కు ఆ సందు సుమారు 0.05 మిల్లీమీటర్లు, అంటే మామూలు కాగితంలో సగం మందం. రాత్రంతా చల్లారిన ఇంజన్ మీదే, ఫీలర్ గేజీతోనే కొలవాలి. చెవితో సరిచేస్తానన్న వారికి ఆ పని ఇవ్వకండి.

ప్రశ్న: మా నాన్నగారి పాత బుల్లెట్ 350 పాయింట్లు ఉన్న మోడల్. నెమ్మదిగా నడిపితే బాగుంటుంది, నలభై దాటగానే మిస్సింగ్ కొట్టి, సైలెన్సర్‌లో పేలుతోంది. కార్బురేటర్ రెండుసార్లు కడిగించాను. (ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం)

జవాబు: కార్బురేటర్‌ను ఇక వదిలేసి పాయింట్ల (తెరుచుకుని మూసుకుంటూ నిప్పురవ్వ పుట్టించే లోహపు ముక్కల) మూత విప్పండి. ఇంజన్ నడుస్తుండగా పాయింట్ల మధ్య పెద్దగా, తెల్లటి మెరుపులు కనిపిస్తే కండెన్సర్ (ఆ మెరుపులను అణిచే చిన్న భాగం) పోయినట్టే. దాని వల్లనే పాయింట్ల ముఖాలు ఒకవైపు గుంట పడి, మరోవైపు మొటిమలా లేస్తాయి. కొత్త కండెన్సర్ వేసి, పాయింట్లను సన్నని ఉప్పు కాగితంతో చదును చేయించి, పూర్తిగా తెరుచుకున్న స్థితిలో సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య పెట్టించండి. ఆ సందు మారితే టైమింగ్ (నిప్పురవ్వ పడే సమయం) కూడా మారుతుంది కనుక టైమింగ్ సరిచూడకుండా పని పూర్తయిందని ఒప్పుకోవద్దు. మంచి కండెన్సర్ దొరకడం ఈ రోజుల్లో కష్టమే. కొత్తదని కొన్నది కూడా నెలకే పోవచ్చు, రెండు కొని ఒకటి పనిముట్ల పెట్టెలో ఉంచుకోండి.

ప్రశ్న: ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వల్లే మా 2008 మోడల్ బండి ఉదయం పూట స్టార్ట్ కావడం లేదని ఒకరు అంటున్నారు. నిజమేనా? (ఒక పాఠకురాలు, కర్నూలు)

జవాబు: కొంతవరకు నిజం, అన్నింటికీ అదే కారణం మాత్రం కాదు. ఆ పెట్రోలు 2023లో బంకుల్లోకి రావడం మొదలైంది. మీ బండి అంతకు పదిహేనేళ్ల ముందుది కాబట్టి దాని రబ్బరు పైపులు, వాషర్లు ఇరవై శాతం ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. అవి మెత్తబడడం, ఉబ్బడం, పగలడం జరగవచ్చు. ఇథనాల్ గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది, అందువల్ల వారాల తరబడి కదలకుండా ఉన్న బండి ట్యాంకులో నీరు విడిపోయి అడుగుకు చేరవచ్చు. ఫ్లోట్ చాంబర్‌లోని పెట్రోలును గాజు సీసాలోకి దింపి పావుగంట కదల్చకుండా ఉంచండి. అడుగున వేరే పొరగా నీరు కనిపిస్తే ట్యాంకును పూర్తిగా ఖాళీ చేయించి కడిగించండి. పొర లేకపోతే ఇథనాల్‌ను తిట్టడం ఆపి, ముందు ప్లగ్ విప్పి దాని రంగు చూడండి. లేత గోధుమ రంగు ఉంటే మంచిదే. పొడి మసి పట్టి ఉంటే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో చూడాలి, తడిగా, జిడ్డుగా నల్లబడి ఉంటే ఇంజన్ ఆయిల్ తాగుతోందని అర్థం. అప్పుడు మాత్రం ఇంజన్ విప్పక తప్పదు.