చదువుతున్న చోటనే అడుగు

హనుమకొండ

చిరంజీవి మేనకోడలికి మామ ఆశీస్సులు.

ఎక్స్‌ఎమ్‌ఎల్ పత్రాలు (సమాచారాన్ని ట్యాగుల మధ్య రాసే ఫైళ్లు) చదివే ప్రోగ్రామును మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్‌లో నువ్వొక్కదానివే రాయబోతున్నావని నిన్న అక్క ఫోనులో చెప్పింది. చాలా సంతోషించాను, కానీ నా పాత తప్పు గుర్తొచ్చి రాత్రి నిద్ర పట్టలేదు.

పత్రాన్ని విడమరిచి చదివే పార్సరును సొంతంగా రాయకు, డాట్‌నెట్‌లో ఉన్నదే వాడు. పేరు ముందు కోలన్‌తో వచ్చే ప్రిఫిక్సు పిలుపు మాత్రమేనని, ఆ పేరు ఏ నేమ్‌స్పేస్‌కు, అంటే ఏ పేర్ల సముదాయానికి చెందిందో చెప్పే అసలు గుర్తింపు వెబ్ చిరునామాలా కనిపించే యూఆర్‌ఐ అని నీకు తెలుసు.

నేను హైదరాబాదులో ఉద్యోగంలో చేరిన కొత్తలో, మొదటి ఎలిమెంటు (ట్యాగుతో మొదలయ్యే భాగం) దగ్గర కనిపించిన నేమ్‌స్పేస్ ప్రకటనలను, అంటే ఏ ప్రిఫిక్సు ఏ యూఆర్‌ఐదో చెప్పేవాటిని, ఒక పట్టికలోకి తీసుకొని, పత్రం చివరిదాకా దానితోనే నడిపించాను. నెలల తరబడి ఇబ్బంది రాలేదు. ఒకరోజు వచ్చిన పత్రాలలో, లోపలి ఎలిమెంటు ఒకటి 'పి' అనే అదే ప్రిఫిక్సును వేరే యూఆర్‌ఐకి కట్టింది. దాని ట్యాగులో రాసిన టైపు అనే ఆట్రిబ్యూటు విలువ 'పి:రసీదు'. పేర్లలోని ప్రిఫిక్సులను పార్సరు విప్పి ఇస్తుంది గానీ, విలువలోని ప్రిఫిక్సును సాధారణంగా మనమే విప్పుకోవాలి. నేను పాత పట్టికలో వెతికాను. అక్కడ 'పి' ఉంది కాబట్టి ఎర్రరు రాలేదు. కొత్త రసీదులన్నీ పాత రకంగా నమోదయ్యాయి. ఒక్కొక్కటీ సరిచేస్తూ మూడు రాత్రులు ఆఫీసులోనే ఉన్నాను. కాజీపేటలో రైలెక్కే పక్కింటి అబ్బాయి చేతికి మీ అమ్మమ్మ జొన్నరొట్టెలు, తొక్కు ఇచ్చి పంపింది. అవి తింటూ ఏడ్చిన సంగతి ఆమెకు ఏనాడూ చెప్పలేదు.

అందుకే పట్టికను ముందే కట్టి పెట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. రీడరు (డాట్‌నెట్‌లోని పార్సరు) ఆ ఎలిమెంటు మీద ఉన్నప్పుడే, అక్కడి ప్రిఫిక్సులను వాటి యూఆర్‌ఐలతో ఇచ్చే గెట్‌నేమ్‌స్పేసెస్‌ఇన్‌స్కోప్‌ను పిలువు. దానికి 'లోకల్' అనే ఎంపిక ఇస్తే అక్కడ ప్రకటించినవే వస్తాయి, పైనుంచి సంక్రమించినవి రావు. నీకు కావలసింది 'ఎక్స్‌క్లూడ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్'. ఎప్పుడూ అమలులో ఉండే 'ఎక్స్‌ఎమ్‌ఎల్' ప్రిఫిక్సు ఒక్కటి తప్ప మిగతావన్నీ అందులో వస్తాయి. ఒక్క ప్రిఫిక్సే తెలియాలంటే లుకప్‌నేమ్‌స్పేస్ చాలు. ప్రిఫిక్సు లేని ఆట్రిబ్యూటుకు, ప్రిఫిక్సు లేకుండా ప్రకటించిన డిఫాల్టు నేమ్‌స్పేస్ వర్తించదు. నేమ్‌స్పేసులపై వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఇచ్చిన 1999 నాటి సిఫార్సులోనే ఆ మాట ఉన్నా, ఎందరో పొరబడతారు.

మధ్యలో 'పి' అర్థం మారే పత్రం ఒకటి నువ్వే తయారుచేసి, దాన్ని చదివించనిదే కోడును ఎవరికీ అప్పగించకు, బిడ్డా. ఫలితం తేడాగా వస్తే ఎంత రాత్రైనా ఫోను చెయ్యి, నేను మేలుకొనే ఉంటాను.

నీ మామ